బట్టతల, వైద్యం, షరీఅత్: ఒక చారిత్రక పరిశీలన

ఇరవై, ఇరవై అయిదేళ్ళకే ముందుతల పలచబడిన యువకునికి మన సమాజంలో రెండు రకాల మాటలు వినబడుతుంటాయి. దైవం ప్రసాదించిన రూపాన్ని మార్చబోవడం పాపమని కొందరు హెచ్చరిస్తారు. అప్పు చేసి అయినా జుట్టు నాటించుకోకపోతే పెళ్ళి సంబంధం కుదరదని మరికొందరు భయపెడతారు. చరిత్రను కాస్త ఓపికగా తిరగవేస్తే ఈ రెండు మాటలకూ మన ధార్మిక సంప్రదాయంలో గట్టి ఆధారం లేదని తెలుస్తుంది.

మొదట పదాలను గమనించండి. వయసుతో పాటు సహజంగా ముందుతల జుట్టు పోయినవానిని అరబ్బీలో ‘అస్లఅ’ అంటారు. తలకు వ్యాధి సోకి జుట్టు ఊడినవాడు ‘అఖ్రఅ’. సహీహ్ ముస్లింలోని ఒక ఉల్లేఖనంలో, హజ్రత్ ఉమర్ (ర) హజ్రె అస్వద్‌ను ముద్దాడిన దృశ్యాన్ని వివరిస్తూ ఉల్లేఖకుడు ఆయనను ‘అస్లఅ’ అనే పేర్కొన్నాడు. హజ్రత్ అలీ (ర) ముందుతల మీద కూడా జుట్టు లేదని చరిత్రకారులు వ్రాశారు. ఈ వర్ణనలలో ఎగతాళి లేదు, జాలి లేదు. ఇద్దరు ఖలీఫాల గౌరవానికి బట్టతల ఏ లోటూ చేయలేదు.

అలాగని జుట్టు పోయినవాని బాధను ఇస్లాం కొట్టివేయలేదు. బుఖారీ, ముస్లింలలో బనీ ఇస్రాయీల్‌కు చెందిన ముగ్గురి వృత్తాంతం ఉన్నది. కుష్ఠురోగి, తల ఊడినవాడు, అంధుడు ఆ ముగ్గురు. దైవదూత వచ్చి నీకు అత్యంత ప్రియమైనదేమిటని అడిగితే, రెండవవాడు మంచి జుట్టును, జనం తనను ఏవగించుకోవడానికి కారణమైన లోపం తొలగిపోవడాన్ని కోరుకున్నాడు. ఆ కోరికను ఎవరూ తప్పు పట్టలేదు. అతనికి చక్కని జుట్టు వచ్చింది, చూడి ఆవు కూడా లభించింది. తరువాత అదే దూత పేదవాని రూపంలో వచ్చి సహాయం అర్థించినప్పుడు, ఈ సంపద తనకు వంశపారంపర్యంగా వచ్చినదేనని బొంకి అతడు చెడిపోయాడు. అతడు తప్పినది కృతజ్ఞతలోనే గాని జుట్టు కోరుకోవడంలో కాదు.

వైద్యచరిత్ర కూడా ఈ విషయంలో మనకు దూరమైనది కాదు. నపుంసకులకు బట్టతల రాదని గ్రీకు వైద్యుడు హిపోక్రటీసు గమనించాడు. ఆ సూత్రాల గ్రంథాన్ని తొమ్మిదవ శతాబ్దంలో బాగ్దాదుకు చెందిన హునైన్ బిన్ ఇస్‌హాఖ్ అరబ్బీలోకి తెచ్చాడు. ఇబ్నె సీనా (980–1037) తన ‘అల్ ఖానూన్’ నాలుగవ గ్రంథంలో జుట్టు, చర్మాల సంగతులకు ఒక భాగాన్నే కేటాయించాడు. అరబ్బు వైద్యులు ‘అమ్లజ్’ అన్నది మన ఉసిరికనే, ‘హలీలజ్’ అన్నది మన కరక్కాయనే. వీటికి తానికాయ కలిపితే వచ్చే త్రిఫలమే యూనానీలో ‘ఇత్రీఫల్’ అయింది. ఈ మూడు చెట్లూ ఇల్లెందు, పాల్వంచ, భద్రాచలం అడవులలో నేటికీ ఉన్నాయి. ఇక్కడి కోయలు ఎరిగిన కాయలే బాగ్దాదు వైద్యుల గ్రంథాలకూ ఎక్కాయన్నమాట. అయితే ఈ నూనెలూ చూర్ణాలూ తలకు మేలు చేయవచ్చునేమో గాని, వంశపారంపర్యంగా వచ్చే బట్టతలను వెనక్కు మళ్ళించలేవు.

దాని కారణాన్ని 1942లో అమెరికా శాస్త్రజ్ఞుడు జేమ్స్ హామిల్టన్ స్పష్టపరిచాడు. వారసత్వం ఉన్నవారిలో పురుష హార్మోను ప్రభావం వల్ల ముందుతల, నడినెత్తిల జుట్టు కుదుళ్ళు క్రమంగా కుంచించుకుపోతాయి. వెనుక తల కుదుళ్ళు ఆ ప్రభావానికి అంతగా లోబడవు. జపాన్ వైద్యుడు ఒకుడా 1939లోనే జుట్టు కుదుళ్ళను నాటే పద్ధతిని ప్రచురించాడు గాని, యుద్ధకాలం కావడంతో అది పశ్చిమ దేశాలకు తెలియలేదు. 1952లో న్యూయార్కులో నార్మన్ ఓరెన్‌ట్రైక్ వెనుక తల జుట్టును ముందుకు నాటి, అది కొత్త చోటులోనూ తన స్వభావాన్నే నిలుపుకొంటుందని చూపించాడు.

ఇక షరీఅత్ తీర్పు. ఇతరుల జుట్టును అతికించుకోవడాన్ని దైవప్రవక్త (స) తీవ్రంగా నిషేధించారు. వ్యాధితో జుట్టు రాలిన పెళ్ళికూతురి విషయంలో సైతం అనుమతి ఇవ్వలేదు. అందులోని మోసాన్ని ధర్మవేత్తలు కారణంగా చూపారు. మానవ శరీర భాగానికి గల గౌరవాన్ని హనఫీలు ముఖ్యంగా ప్రస్తావించారు. నాటిన జుట్టు అటువంటిది కాదు. అది తన సొంత కుదురు, బ్రతికి పెరుగుతుంది. కులాబ్ యుద్ధంలో ముక్కు కోల్పోయిన అర్‌ఫజా (ర)కు బంగారు ముక్కు పెట్టుకొనడానికి ప్రవక్త (స) అనుమతినిచ్చిన సంగతి కూడా మనకు తెలిసినదే. మనిషి శరీరంలో ఒక చోటి భాగాన్ని మరొక చోట అమర్చడాన్ని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్‌హ్ అకాడమీ 1988లో షరతులతో అనుమతించింది. 2007లో మలేషియా సమావేశంలో, రాలిన జుట్టును నాటించుకోవడాన్ని, ముఖ్యంగా స్త్రీల విషయంలో, అనుమతించదగిన చికిత్సలలో చేర్చింది.

అనుమతి ఉన్నంత మాత్రాన అవసరమని కాదు. ఈ చికిత్స కొత్త జుట్టును పుట్టించదు, ఉన్నదానిని చోటు మారుస్తుంది. చిన్న వయసులో తొందరపడితే చుట్టూ ఉన్న పాత జుట్టు రాలుతూనే ఉండి, నాటినది మాత్రం విడిగా మిగిలిపోవచ్చును. పూర్తి ఫలితానికి సుమారు ఏడాది పడుతుంది. ఇది శస్త్రచికిత్స కనుక అపాయమూ లేకపోలేదు. తగిన శిక్షణ గల వైద్యులే దీనిని చేయాలని జాతీయ వైద్య కమిషన్ 2022లో సూచించింది. కనుక భద్రాచలం నుంచో ఖమ్మం నుంచో హైదరాబాదు వెళ్ళదలచినవారు బేరం కంటే ముందు చేసేవాని అర్హతను విచారించాలి. వడ్డీకి అప్పు తెచ్చి తలకు అందం తేవడం మాత్రం ఒక హలాల్ పనిని హరామ్ బాటన నడిపించడమే అవుతుంది.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. సంబంధం చూసేటప్పుడు ధర్మనిష్ఠను, నడవడికను చూడమని ప్రవక్త (స) మనకు బోధించారు. ఆ బోధను మనం మరచినందువల్లనే మన పిల్లలు అద్దం ముందు కుమిలిపోతున్నారు. చికిత్స చేయించుకోవాలో వద్దో యువకుడు తీరికగా నిర్ణయించుకొంటాడు. అతడిని తొందరపెట్టే ఆ భయాన్ని తొలగించడం మాత్రం మన చేతిలోనే ఉన్నది.