డబ్ల్యూఎస్-రిలయబుల్ మెసేజింగ్: సర్వర్ క్లస్టర్లలో దాని చరిత్ర

డబ్ల్యూఎస్-రిలయబుల్ మెసేజింగ్ అనేది వెబ్ సర్వీసుల మధ్య నడిచే సోప్ (ఎక్స్‌ఎంఎల్‌లో రాసే) సందేశాలు దారిలో పోకుండా, ఒకటే రెండుసార్లు లెక్కకు రాకుండా, కావాలనుకుంటే పంపిన వరుసలోనే అందేలా చూసే నియమావళి. వాడుకలో ఆర్‌ఎం అంటారు. 2003 మార్చిలో బీఈఏ, ఐబీఎం, మైక్రోసాఫ్ట్, టిబ్కో సంస్థలు కలిసి దీన్ని వెలువరించాయి. 2007 జూన్‌లో ఇది ఒయాసిస్ అనే ప్రమాణాల సంస్థ ప్రమాణమైంది. అటు ఒక యంత్రం, ఇటు ఒక యంత్రం ఉన్నంతవరకు ఇది చక్కగానే పనిచేసింది. ఒకే సేవను నాలుగైదు సర్వర్లు పంచుకునే క్లస్టర్‌లో పెట్టేసరికి చిక్కులు మొదలయ్యాయి. సందేశం ఏ రూపంలో ప్రయాణించాలో ప్రమాణం పూసగుచ్చినట్టు చెప్పింది. ఏవి అందాయో, ఏవి అందలేదో రాసుకునే లెక్క ఎవరి దగ్గర ఉండాలో మాత్రం చెప్పలేదు. ఆ లెక్కకు చోటు వెతుక్కోవడంతోనే ఈ సాఫ్ట్‌వేర్ చరిత్ర చాలావరకు గడిచింది.

నేపథ్యం

ఇంటర్నెట్‌కు ఆధారమైన టీసీపీ పోయిన డేటాను మళ్లీ పంపుతుంది కదా, ఇంకో పొర ఎందుకన్న ప్రశ్న సహజం. టీసీపీ హామీ కనెక్షన్ తెగేవరకే. ఒక దుకాణం కంప్యూటర్ టోకు వ్యాపారి సర్వర్‌కు ఆర్డరు పంపి, జవాబు రాకముందే కనెక్షన్ తెగిపోయిందనుకుందాం. ఆర్డరు చేరకముందే తెగిందా, చేరాక జవాబు దారిలో పోయిందా? పంపినవారికి తేల్చుకునే దారి లేదు. మళ్లీ పంపితే సరుకు రెండుసార్లు రావచ్చు, ఊరుకుంటే అసలే రాకపోవచ్చు. అక్కోయున్లు, ఏకనాధం, హ్యూబర్ 1975లో రాసిన పరిశోధన పత్రం ఈ ఇరకాటాన్నే చర్చించింది. సందేశాలు పోయే అవకాశమున్న మార్గంలో ఎన్ని రసీదులు మార్చుకున్నా చివరి రసీదు అందిందో లేదో ఎవరో ఒకరికి తెలియకుండానే మిగిలిపోతుందని దాని సారాంశం. 1978లో జిమ్ గ్రే దీనికి ఇద్దరు సేనానుల కథ రూపమిచ్చాక పాఠ్యపుస్తకాలకెక్కింది.

సంపూర్ణ నిశ్చయం దొరకదని తెలిశాక మిగిలేది ఒక్కటే ఉపాయం: రసీదు వచ్చేదాకా పంపుతూనే ఉండాలి, అవతలివారు ముందే అందినదాన్ని గుర్తుపట్టి పక్కన పడేయాలి. ఐబీఎం 2001లో హెచ్‌టీటీపీఆర్ పేరుతో దీన్ని హెచ్‌టీటీపీలోనే కలపాలని చూసింది గానీ అది నిలదొక్కుకోలేదు. 1998లో మైక్రోసాఫ్ట్‌లో మొదలై, 2000లో 1.1 వెర్షన్‌గా డబ్ల్యూ3సీ ముందుకు వెళ్లిన సోప్‌ను ఏ రవాణా మీదైనా నడపవచ్చు. కాబట్టి నమ్మకాన్ని రవాణాకు వదిలేయకుండా సందేశం తలకట్టు (హెడర్)లోనే రాయాలన్న ఆలోచన బలపడింది.

ఆ ఆలోచన ఒకేసారి రెండు శిబిరాలకు వచ్చింది. 2003 జనవరిలో ఫుజిట్సు, హిటాచీ, ఎన్‌ఈసీ, ఒరాకిల్, సోనిక్, సన్ సంస్థలు డబ్ల్యూఎస్-రిలయబిలిటీని ప్రకటించాయి. రెండు నెలల తర్వాత ఐబీఎం, మైక్రోసాఫ్ట్ జట్టు డబ్ల్యూఎస్-రిలయబుల్ మెసేజింగ్‌ను తెచ్చింది. పేర్లు కవలల్లా ఉండి, పని కూడా దాదాపు ఒకటే అయిన ఈ రెండింటిలో మొదటిది 2004 నవంబరులోనే ఒయాసిస్ ప్రమాణమైంది. పరుగులో ముందు చేరినా పందెం గెలవలేదు. ఐబీఎం, మైక్రోసాఫ్ట్ ఉత్పత్తులు ఎటుంటే కొనుగోలుదారులు అటే నడిచారు. రెండోది 2005 ఫిబ్రవరిలో మెరుగుపడి, అదే ఏడాది ఒయాసిస్ కమిటీకి చేరింది. 2007లో 1.1, 2009 ఫిబ్రవరిలో 1.2 వచ్చాయి. 2005 నాటి రూపానికీ ఒయాసిస్ రూపానికీ నేమ్‌స్పేస్‌లు వేరు కావడంతో, ఇద్దరూ ఆర్‌ఎం మాట్లాడుతున్నామనుకుంటూనే ఒకరికొకరు అర్థం కాని పరిస్థితి కొన్నేళ్లు సాగింది.

పనితీరు

పంపే వైపు ముందుగా క్రియేట్ సీక్వెన్స్ అనే విన్నపం పంపుతుంది. అందుకునే వైపు ఆ సంభాషణకు ఒక గుర్తింపు పేరు కేటాయించి తిప్పి పంపుతుంది. ఆపైన ప్రతి సందేశం తలకట్టులో ఆ పేరు, 1 నుంచి మొదలయ్యే వరుస సంఖ్య ఉంటాయి. అందుకున్నవారి రసీదు ఒక్కో సందేశానికి విడిగా కాకుండా పరిధులుగా వస్తుంది. 1 నుంచి 3, 5 నుంచి 7 అందాయని రసీదు వస్తే, పంపినవారు 4ను మాత్రం మళ్లీ పంపుతారు. అన్నీ చేరాక సీక్వెన్స్‌ను ముగిస్తారు. సంఖ్య 9223372036854775807 దాటితే ఏ లోపం ప్రకటించాలో కూడా ప్రమాణంలో ఉంది! ఇంత ముందుచూపు ఉన్నవాళ్లు, మధ్యలో యంత్రం ఆగిపోతే లెక్క ఏమవుతుందన్నది మాత్రం అమలుచేసేవారి ఇష్టానికి వదిలేశారు.

హామీలు నాలుగు రకాలు: కనీసం ఒకసారి, మించితే ఒకసారి, సరిగ్గా ఒకసారి, వరుస తప్పకుండా. నాలుగోదాన్ని మిగతావాటితో కలిపి కోరుకోవచ్చు. ఫైర్‌వాల్ వెనక ఉన్న క్లయింటుకు సర్వర్ తనంతట తాను కనెక్షన్ తెరవలేదు. అలాంటి క్లయింటు తానే మళ్లీ మళ్లీ వచ్చి నాకేమైనా ఉందా అని అడిగేందుకు 2007లో మేక్ కనెక్షన్ అనే విడి ప్రమాణం వచ్చింది.

క్లస్టర్‌లో చిక్కు

ఒక సేవ మూడు సర్వర్ల మీద నడుస్తోంది, ముందు పనిని వాటికి పంచే లోడ్ బ్యాలెన్సర్ ఉంది అనుకుందాం. క్రియేట్ సీక్వెన్స్ మొదటి సర్వర్‌కు వెళ్లింది, పేరు అక్కడ పుట్టింది. మొదటి సందేశం రెండో సర్వర్‌కు వెళ్లింది. ఆ పేరు దానికి తెలియదు కాబట్టి ఈ సీక్వెన్స్ ఎవరిదో నేనెరుగనని లోపం చూపిస్తుంది. ఇది కంటికి కనబడే తప్పు, పరీక్షల్లోనే దొరికిపోతుంది. అసలు బాధ కనబడని తప్పులతోనే.

రసీదు ఆలస్యమై 4వ సందేశం రెండోసారి బయలుదేరిందనుకోండి. మొదటి ప్రతి ఒక సర్వర్‌కు, రెండో ప్రతి మరోదానికి ఒకే క్షణంలో చేరితే, రెండూ తమ లెక్క చూసుకుని 4 ఇంకా రాలేదనే అనుకుంటాయి. రెండూ అప్లికేషన్‌కు అందిస్తాయి. సరిగ్గా ఒకసారి అన్న మాట అక్కడే చెదిరిపోతుంది. వరుస పాటించాల్సి వస్తే 5 ఒక చోట, 6 ఇంకో చోట కూర్చుని ఉంటాయి, 5 పూర్తయిందని 6 పట్టుకున్న సర్వర్‌కు ఎవరో చెప్పాలి. వీటన్నిటికన్నా ప్రమాదకరమైనది మరొకటి. సర్వర్ సందేశాన్ని అందుకుని రసీదు పంపి, అప్లికేషన్‌కు ఇవ్వబోతూ ఆగిపోయింది. రసీదు చూసిన పంపినవారు తమ ప్రతిని చెరిపేస్తారు. ఇక ఆ సందేశం లోకంలో ఎక్కడా లేదు, అందినట్టు రసీదు మాత్రం మిగిలింది. రిజిస్టర్డ్ ఉత్తరానికి గుమస్తా సంతకం చేసి, యజమాని బల్ల మీద పెట్టకముందే పారేసుకున్నట్టు.

ముందుగా అందరికీ తోచిన మందు, ఒక క్లయింటును ఎప్పుడూ ఒకే సర్వర్‌కు పంపడం. వెబ్‌సైట్లలో ఇది కుకీతో జరుగుతుంది. ఆర్‌ఎం క్లయింట్లు బ్రౌజర్లు కావు, చాలావాటికి కుకీలు పట్టవు. ఐపీ చిరునామా చూసి పంచుదామంటే, పెద్ద సంస్థ నుంచి వచ్చేదంతా ఒకటే చిరునామాతో వచ్చి ఒక సర్వర్ నెత్తిన పడుతుంది. సీక్వెన్స్ పేరు చూసి మళ్లించాలంటే బ్యాలెన్సర్ ప్రతి సందేశపు ఎక్స్‌ఎంఎల్‌నూ విప్పి చదవాలి. తలకట్టు గుప్తీకరించి ఉంటే అదీ కుదరదు. పైగా క్రియేట్ సీక్వెన్స్ వచ్చేనాటికి పేరే పుట్టి ఉండదు.

ఎవరి దారి వారిది

మైక్రోసాఫ్ట్ 2006 నవంబరులో డాట్‌నెట్ 3.0తో విడుదల చేసిన సేవల చట్రం డబ్ల్యూసీఎఫ్‌లో ఆర్‌ఎం ఉంది. లెక్క మాత్రం మెమరీలోనే ఉండేది. క్లస్టర్‌లో నడపాలంటే బ్యాలెన్సర్ ఒకే సర్వర్‌కు కట్టిపడేయాలి, సర్వర్ పడిపోతే సంభాషణ పోయినట్టే. డిస్కు మీద నిలిచే భద్రత కావాలన్నవారికి తమ ఎంఎస్‌ఎంక్యూలోని సందేశ క్యూలు వాడుకోమన్నది ఆ సంస్థ సలహా. తక్కువ హామీ ఇచ్చినా దాచకుండా చెప్పిన పద్ధతి ఇది.

ఐబీఎం 2007లో తన అప్లికేషన్ సర్వర్ వెబ్‌స్ఫియర్ 6.1కు ఇచ్చిన వెబ్ సర్వీసుల ఫీచర్ ప్యాక్‌లో హామీని మూడు అంతస్తులు చేసింది. అడుగున ఉన్నది మెమరీలోనే లెక్క పెట్టుకునేది, ఒంటరి సర్వర్‌కు మాత్రమే. పై రెండింటిలో లెక్క బాధ్యత వెబ్‌స్ఫియర్ సొంత మెసేజింగ్ ఇంజిన్‌దే. అందులో ఒకటి సర్వర్ మళ్లీ మొదలైతే లెక్క మరిచిపోతుంది, మరొకటి నిల్వ ఉంచుతుంది. ఒక్కమాటలో, వెబ్ సర్వీసు నమ్మకాన్ని పాతకాలపు క్యూ మీద ఆనించారు.

బీఈఏ వెబ్‌లాజిక్ సర్వర్ 9.0లో 2005లోనే ఆర్‌ఎం ఉంది. 2008లో ఒరాకిల్ ఆ సంస్థను కొన్నాక వచ్చిన వెర్షన్లలో క్లస్టర్ కోసం చేసిన ఏర్పాటు వీటన్నిటిలో తెలివైనది. సందేశం ఏ సర్వర్‌కు చెందిందో తెలిపే ఆనవాలును గుర్తింపులోనే ఇమిడ్చారు. దారితప్పి వచ్చిన సందేశాన్ని ఏ సర్వరైనా చదివి సొంతదారుకు చేరవేస్తుంది. సొంతదారే ఆగిపోతే, అది లేచేదాకా లేదా దాని నిల్వను ఇంకో సర్వర్‌కు తరలించేదాకా ఆ సీక్వెన్స్ ఎదురుచూడాల్సిందే. సన్ సంస్థ మొదలుపెట్టిన మెట్రో అనే వెబ్ సర్వీసుల చట్రం 2011 నాటి గ్లాస్‌ఫిష్ 3.1తో మెమరీ ప్రతులను సర్వర్ల మధ్య పంచే దారి పట్టింది. అలాంటిదే అయిన అపాచీ సీఎక్స్‌ఎఫ్ డేటాబేసును నమ్ముకుంది.

సందేశ

ఓపెన్ సోర్స్ లోకంలో ఈ చరిత్ర ఎక్కువగా శ్రీలంకలో నడిచింది. అపాచీ యాక్సిస్2 అనే వెబ్ సర్వీసుల ఇంజిన్ ఆలోచన 2004లో కొలంబోలో జరిగిన సమావేశంలో రూపుదిద్దుకుంది. ఆర్‌ఎం చేర్చే మాడ్యూలుకు అక్కడి ఇంజనీర్లు పెట్టిన పేరు సందేశ; యాక్సిస్2 కోసం చేసిన రూపం సందేశ2. సింహళంలోనూ సందేశ అన్న మాట అర్థం మనకు తెలిసిందే. కాళిదాసు మేఘసందేశం అడుగుజాడల్లో నెమలినీ గోరువంకనూ దూతలుగా పంపే సందేశ కావ్యాలు సింహళ సాహిత్యంలో ఒక పెద్ద శాఖ. తోటి ప్రాజెక్టుకు దుట్టగామణి రాజు ఏనుగు పేరు కందుల అని పెట్టారు. సాఫ్ట్‌వేర్ పేర్లలో ఇంత సంస్కారం అరుదు. 2005లో మొదలైన డబ్ల్యూఎస్‌ఓ2 సంస్థ ఈ పనికి ఊతమైంది. ఐబీఎం ఫీచర్ ప్యాక్‌ను కూడా లోపల యాక్సిస్2, సందేశ2ల మీదే కట్టారు.

సందేశ2లో నిల్వను చూసుకునే భాగాన్ని మిగతాదాని నుంచి విడదీశారు. మెమరీలో పెట్టాలా, డేటాబేసులో పెట్టాలా అన్నది అమర్చుకునేవారి ఇష్టం. పంపే పనికి సెండర్, అప్లికేషన్‌కు అందించే పనికి ఇన్వోకర్ అనే రెండు థ్రెడ్‌లు ఆ నిల్వను చూస్తూ నడుస్తాయి. ఒంటరి సర్వర్‌కు ఈ అమరిక సొగసైనదే. క్లస్టర్‌లో ప్రతి సర్వర్‌లోనూ ఒక సెండర్, ఒక ఇన్వోకర్ ఉంటాయి. అన్నీ ఒకే పట్టికను చూస్తే ఒకే సందేశం కోసం పోటీపడతాయి.

యాక్సిస్2కు సొంత క్లస్టరింగ్ పొర ఉంది. టామ్‌క్యాట్ నుంచి వచ్చిన ట్రైబ్స్ అనే సమూహ సంభాషణ లైబ్రరీతో ఒక సర్వర్‌లోని సందర్భ సమాచారాన్ని మిగతావాటికి నకలు చేస్తుంది. సర్వర్లు మల్టీకాస్ట్‌లో ఒకరినొకరు కనుక్కోవచ్చు, అది అనుమతించని నెట్‌వర్క్‌లో ముందే రాసిపెట్టిన చిరునామాలతోనూ చేరవచ్చు. అప్పుడప్పుడు మారే సమాచారానికి ఇది సరిపోతుంది. ఆర్‌ఎం లెక్క అలాంటిది కాదు. అది ప్రతి సందేశానికీ మారుతుంది, ఆ మార్పు మిగతా సర్వర్లకు చేరాకే రసీదు వెళ్లాలి. చేరేదాకా ఆగితే వేగం పడిపోతుంది, ఆగకపోతే గుమస్తా కథ పునరావృతమవుతుంది. అందుకే గట్టి హామీ అవసరమైన చోట ఉమ్మడి డేటాబేసే దిక్కయింది. పట్టికలో ఒక వరుసకు ఒక సర్వరే తాళం వేసుకుని పనిచేస్తుంది. అప్పుడు డేటాబేసుకు కూడా ప్రతి ఉండాలి, లేకపోతే క్లస్టర్ పెట్టిన ప్రయోజనమే పోయింది. ఇదంతా ఎందుకని ఆర్‌ఎం సేవను ఒక్క సర్వర్ మీదే నడిపి, రెండోదాన్ని ఊరికే సిద్ధంగా ఉంచే పద్ధతి కూడా ఉంది. లోడ్ పంచుకోకపోయినా రాత్రిళ్లు నిద్ర పట్టే ఏర్పాటు అదే.

వెనుకబాటు

2010 నాటికి అసలు ఈ పొర అవసరమా అన్న ప్రశ్న గట్టిగా వినిపించసాగింది. ఆ ఏడాది మార్క్ డి గ్రావ్ రాసిన వ్యాసం వాదన ఇది: రసీదు సందేశం యంత్రానికి చేరిందని చెబుతుంది గానీ, వ్యాపారం జరిగిందని చెప్పదు. ఆర్డరు సంఖ్యతో అప్లికేషనే నకళ్లను గుర్తుపట్టి, అప్లికేషనే జవాబు ఇస్తే కింద మరో లెక్క అనవసరం. క్లస్టర్ కోణంలో చూస్తే ఈ వాదనకు ఇంకా బలముంది. ఆర్డర్ల పట్టిక ఎలాగూ అన్ని సర్వర్లూ పంచుకునే డేటాబేసులోనే ఉంటుంది.

ఐరోపాలో ప్రభుత్వ కొనుగోళ్ల పత్రాలు మార్చుకునే పెప్పోల్ వ్యవస్థ తొలి రవాణా విధానమైన స్టార్ట్‌లో ఆర్‌ఎం ఉండేది. 2014లో దాన్ని వదిలి తేలికైన ఏఎస్2కు, 2020లో ఏఎస్4కు మారారు. 2013లో ఒయాసిస్ ప్రమాణమైన ఏఎస్4 కూడా సోప్ మీదే నడుస్తుంది, అయినా ఆర్‌ఎం జోలికి పోదు. సీక్వెన్సులు లేవు, వరుస హామీ లేదు. సందేశపు గుర్తింపు సంఖ్య, రసీదు, రాకపోతే మళ్లీ పంపడం, నకలు కనిపెట్టడం, అంతే. సందేశ2 విడుదలలు 2012 నాటి 1.6.2 దాకా వచ్చాయి.

ఆలోచన మాత్రం మరో చోట తలెత్తింది. లింక్డిన్‌లో పుట్టి 2011లో ఓపెన్ సోర్స్ అయిన సందేశ ప్రవాహ వ్యవస్థ కాఫ్కా 2017లో 0.11 వెర్షన్‌తో నకళ్లు లేకుండా రాసే సౌకర్యం తెచ్చింది. పంపేవారికి ఒక గుర్తింపు, ప్రతి విభాగంలో పెరుగుతూ పోయే వరుస సంఖ్య: ఆర్‌ఎం తెలిసినవారికి పాత చుట్టం కనబడినట్టే. తేడా లెక్క ఉండే చోటులో ఉంది. కాఫ్కాలో ఆ సంఖ్యలను సందేశాలతో పాటు అదే లాగ్‌లో రాస్తారు, ఆ లాగ్‌కు వేరే సర్వర్లలో ప్రతులు ఉంటాయి. ఒక సర్వర్ పడిపోయి ఇంకొకటి నాయకత్వం తీసుకున్నప్పుడు, ఎంతవరకు అందాయన్న లెక్క దాని చేతిలో అప్పటికే ఉంటుంది.