పలకరాయి, పతకం

మార్కాపురం అనగానే చెన్నకేశవస్వామి తరువాత గుర్తుకు వచ్చేది పలక. చిన్నప్పుడు కొయ్యచట్రంలో బిగించి మన చేతికిచ్చిన ఆ నల్లరాయి కంభం శిలాసముదాయానికి చెందినది. వయస్సు నూరుకోట్ల సంవత్సరాల పైమాటే. కాగితమూ ప్లాస్టిక్కూ వచ్చాక రాతపలకకు గిరాకీ తగ్గి, ఆ రాయి గోడలకూ నేలకూ బండలై ఎగుమతి అవుతున్నది. దానితోనే చిన్న పతకాలు చేసి, ఆదిమమానవుని బొమ్మలు గీసి యాత్రికులకు అమ్మవచ్చు గదా! ఆలోచన మంచిదే. ఏ బొమ్మ అన్నదే ప్రశ్న.

గిద్దలూరు పరిసరాల్లోని రాతిపనిముట్లను గూర్చి కె.వి. సౌందరరాజన్ 1952లో ‘ఏన్షియంట్ ఇండియా’లో వ్రాశారు. అప్పటికి గిద్దలూరు, మార్కాపురం కర్నూలు జిల్లాలోనివి. 1970లో గాని ఒంగోలు జిల్లాలో చేరలేదు. అయితే అవి పనిముట్లు, బొమ్మలు కావు. బొమ్మల కోసం కొండలు దాటి పడమటికి పోవాలి. కర్నూలు వైపు కేతవరంలో, కడప జిల్లా చింతకుంటలో రాతిమీద ఎర్రరంగు చిత్రాలున్నాయి. అందరూ మొదట తలచేది వీటినే. కానీ పలక ఎరుపు పలకదు. గీస్తే తెల్లబారిన గీత పడుతుంది, అంతే.

అందుకే నా ఓటు బళ్ళారి దగ్గరి కప్పగల్లుకు. అక్కడ నవశిలాయుగపు పశుపాలకులు నల్లని డోలరైటు గుండ్లను రాతితో పొడిచి పొడిచి మూపురపు ఎడ్లను తీర్చారు. పైపొర లేచిన చోట లేతరంగు తేలుతుంది. ఫాసెట్ 1892లోనే వాటిని లోకానికి తెలియజేశాడు. పలకమీద పనీ అదే పద్ధతి, రంగు పూయనక్కరలేదు. గమనించండి, ఆ కొండలోని కొన్ని గుండ్లను కొడితే గంటలా మోగుతాయి! 2004లో నికోల్ బోయివిన్ ‘యాంటిక్విటీ’లో ఆ సంగతితోపాటు, రాతి క్వారీ వల్ల ఆ చెక్కడాలకు కలుగుతున్న ముప్పునూ వివరించారు. ఒక ఊరి రాతిని తవ్వి ఎద్దుబొమ్మను పతకంగా అమ్ముతుంటే, మరొక ఊర అసలు ఎద్దు కంకరగా మారడమా?

అమెరికా నైరుతి ప్రాంతపు కోకొపెల్లి గతి చూడండి. రాతిమీద అతడు గూని వేణుగానకారుడు, సంతానప్రదాత. చాలాచోట్ల పురుషాంగంతో సహా చెక్కారు. వెండి చెవిపోగుల్లోకి వచ్చేసరికి అది మాయమైంది. ప్యూబ్లో జాతులవారి మూర్తి కాస్తా ఎవరిదో తెలియని అంగడిబొమ్మ అయింది.

మనవాళ్ళు చేస్తే కొమ్ముల వంపు, మూపురం ఉన్నవి ఉన్నట్లే రావాలి. ప్రచురితమైన ఫొటోలనుంచి గీసుకోవాలేగాని, గుండుమీద సుద్ద రాయడం, నీళ్ళు చల్లడం తగదు. పలక కోసేటప్పుడు నీటిధార తప్పనిసరి; ఆ దుమ్ము పనివారి ఊపిరితిత్తులను తినేస్తుంది. ఇక పతకం వెనుకవైపు ఖాళీగానే ఉంటుంది గనుక, రెండు ఊళ్ళ పేర్లూ అక్కడ చెక్కాలి: ఎద్దు కప్పగల్లుది, రాయి మార్కాపురానిది.