శేషాచల ఛాయాగ్రాహకుని పరికరములు

తిరుపతి జిల్లాను, దాని పొరుగు ప్రాంతములను ఆవరించియున్న శేషాచల పంక్తిలోను, దాని చుట్టునున్న కోనలలోను, అభయారణ్యములలోను, పక్షులు గూళ్లు కట్టు చెరువుల గట్లమీదను కాలినడకను సంచరించుచు ఛాయాచిత్రములు తీయువారు నిత్యము వెంట గొనిపోవు కెమెరా, లెన్సులు, స్టాండు, ఫ్లాష్, సంచి మొదలైనవానిని, వాని రక్షణకై మోయు చిల్లర సాధనములతో కలిపి, ఈ శీర్షిక క్రింద గ్రహింపవలెను. వీని చరిత్రను కేవలము కెమెరా తయారీదారుల నూతన కల్పనల వరుసగా చెప్పినచో సగమే చెప్పినట్లగును. ఏ వస్తువు సంచిలో చేరవలెనో, ఏది ఇంటనే ఉండిపోవలెనో నిర్ణయించినవి ఇచ్చటి ఎండ, నీరు, ఎక్కుడుదారి, ఇటీవలి కాలమున అటవీచట్టము.

ఈ కొండలు కఠినమైన క్వార్ట్‌జైటు శిలలతో నిర్మితములు. పై భాగము చదునుగా నుండి, అంచులు నిట్టనిలువుగా తెగి, వాగులు కోసికొనిపోయిన లోయలు ఇరుకుగాను లోతుగాను ఉండుటచే, కోన అడుగున నిలిచినవానికి సూర్యరశ్మి మధ్యాహ్నపు కొలది గంటలు మాత్రమే అందును. ఆ గంటలలో శిలాముఖము కన్ను చెదరునట్లు మెరయుచుండగా, దాని మూలమునున్న మడుగు నల్లని నీడలో మునిగియుండును. వెలుగునీడల నడుమనున్న ఇంతటి అంతరము ఒకే చిత్రములో ఇమడదు. కుమారధార, తుంబురు తీర్థము, రామకృష్ణ తీర్థము, సుమారు 270 అడుగుల ఎత్తునుండి దుమికెడి తలకోన జలపాతము ఛాయాగ్రాహకుని పరీక్షించునది ఈ విషయముననే. ఈశాన్య ఋతుపవనము అక్టోబరు మొదలు డిసెంబరు వరకు వర్షించి వాగులను నింపును గనుక చిత్రములకు మంచి కాలమదియే. లెన్సులలో బూజు పట్టెడి కాలమును అదియే. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుట సామాన్యము.

ఛాయాగ్రహణము భారతదేశమునకు వచ్చిన తొలినాళ్లలో ఇట్టి భూమి దానికి ప్రతికూలమయ్యెను. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన తడిపలక పద్ధతి యందు, గాజుపలకను శుభ్రముగా తుడిచి, దానిపై కొలోడియన్ ద్రవమును అంచునుండి అంచునకు సమముగా పారించి, చీకటి గుడారములో వెండి లవణపు ద్రావణమున ముంచి, ఆ తడి ఆరకముందే కెమెరాలో నుంచి చిత్రము తీసి, మరల గుడారములోనికి పరుగున కొనిపోయి కడుగవలసియుండెను. కొలోడియన్ ఈథరుతో కూడినది. మన వేసవిలో నిమిషములలో ఆవిరియగును. కావున కెమెరాతోపాటు గుడారము, రసాయనముల సీసాలు, గాజుపలకల పెట్టెలు, మంచినీటి కుండలు దారిపొడవున మోయింపవలసివచ్చెను. శామ్యూల్ బోర్న్ 1860లలో హిమాలయములకు పదులకొలది కూలీలతో పయనించుటకు హేతువిదియే. మద్రాసు ప్రభుత్వమువారు 1856లో ఛాయాగ్రాహకునిగా నియమించిన లిన్నయస్ ట్రైప్ తడిపలకలను విడిచి మైనము పట్టించిన కాగితపు నెగెటివులను విరివిగా వాడుటలో విశేషమైన వివేకము కలదు. కాగితమును ముందుగనే సిద్ధపరచుకొనవచ్చును. అది గాజువలె పగులదు, బరువును అంతగా ఉండదు. ఉష్ణదేశమున బరువు తగ్గించుటకు జరిగిన తొలి బుద్ధిపూర్వక ప్రయత్నములలో దీనిని లెక్కింపవలెనని ఈ వ్యాసకర్త భావన.

ఆ కాలమున తిరుపతి ఉత్తర ఆర్కాడు జిల్లాలోనిది. చిత్తూరు జిల్లా 1911లోను, తిరుపతి జిల్లా 2022లోను ఏర్పడినవి. 1891లో రైలు తిరుపతికి వచ్చెను. 1944లో తొలి ఘాటురోడ్డు తెరవబడువరకు తిరుమలకు ఏ వస్తువైనను మనిషి భుజముమీదనో, తలమీదనో, డోలీలోనో ఎక్కవలసినదే. 1870లో బెడ్డోమ్ అను ఆంగ్ల సైనికాధికారి, తిరుపతి కొండలలో దొరికిన నమూనా నాధారము చేసికొని బంగారు బల్లిని శాస్త్రలోకమునకు పరిచయము చేసెను. పగలు బండసందులలో దాగి రాత్రి వెలువడు ఆ ప్రాణిని సజీవముగా చిత్రించు శక్తి నాటి తడిపలకకు లేదు.

1871లో రిచర్డ్ లీచ్ మాడక్స్ ప్రతిపాదించిన పొడిపలకలు చీకటి గుడారమును కొండ దించినవి. 1888లో వెలువడిన కొడాక్ కెమెరా చుట్టఫిల్మును తెచ్చెను. 1925లో లైకా జేబులో పట్టునంతటి కెమెరాను లోకమునకు చూపెను. రాత్రివేళ మృగము తానే తీగను త్రొక్కి తన చిత్రమును తీయించుకొను విధానమును ఎఫ్. డబ్ల్యు. ఛాంపియన్ ఉత్తరదేశపు అడవులలో సాధించి, 1927లో గ్రంథముగా ప్రకటించెను. మన పొరుగున మద్రాసులో ఎం. కృష్ణన్ (1912–1996) వేర్వేరు కెమెరాల భాగములను తానే కూర్చి ఒక యంత్రమును చేసి, దానికి ‘సూపర్ పాండెరోసా’ యను పేరిడి, ఆ బరువైన యంత్రముతోనే దక్షిణాది అడవుల నలుపు తెలుపు చిత్రములను తీసెను. దొరకని పరికరమును దొరికిన భాగములతో సమకూర్చుకొనుట ఆ తరమువారి సామాన్య ధర్మము. విదేశీ వస్తువుల దిగుమతిపై ఆంక్షలుండిన దశాబ్దములలో వేరు మార్గము లేదు.

స్వాతంత్ర్యానంతరము తిరుపతి, చిత్తూరు, మదనపల్లె స్టూడియోలలో నెలకొన్నవి రెండు లెన్సుల కెమెరాలు. రోలీఫ్లెక్సు గలవాడు భాగ్యవంతుడు, యాషికా గలవాడు సంపన్నుడు. పెండ్లిండ్లకు, పాస్‌పోర్టు ఫోటోలకు కొన్న ఆ కెమెరాయే తీరిక దొరికినపుడు కొండ యెక్కెడిది. సామాన్యుని చేతికి వచ్చినది అగ్ఫా క్లిక్ త్రీ: 120 ఫిల్ము, పన్నెండు చిత్రములు, ఒకే షట్టరు వేగము. ఫిల్మునకు ఊటీలో 1960లో స్థాపితమైన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్సు వారి ‘ఇందు’ ఆధారము. పన్నెండింటితో, మహా అయిన ముప్పదియారింటితో రోలు ముగియును గనుక, తుంబురు తీర్థమునకు ఫాల్గుణ పౌర్ణమినాడు యాత్రికులతో కలిసి నడచిన ఛాయాగ్రాహకుడు పోవునపుడే ఎన్ని రోలులు మోయవలెనో, ఎచ్చట ఎన్ని చిత్రములు ఖర్చుపెట్టవలెనో లెక్కవేసికొనెడివాడు. రోలు మార్చుట ఒక చిన్న కర్మకలాపము: చెట్టు నీడకు పోయి, ఎండకు వీపు ఒగ్గి కూర్చుండి, తువ్వాలును తలమీదుగా కెమెరాపై కప్పుకొని, చెమట చేతులు పంచెకు తుడుచుకొని, ఫిల్ము నాలుకను చక్రపు చీలికలో దూర్చి, పండ్లు సరిగా తగులుకొన్నవని వ్రేలితో తడిమి చూచి మూయవలెను. అది జారినచో దినమంతయు నడచి తీసినదంతయు ఖాళీ నెగెటివుగా మిగులును. ఈ సంగతి ఊరికి వచ్చి ఫిల్మును కడిగించిన పిమ్మటగాని తెలియదు.

మన కొండలకు తగిన కెమెరా యేది యన్న ప్రశ్నకు ఫిల్ము యుగమున ఉత్తమమైన సమాధానము 1982లో వచ్చిన నైకాన్ ఎఫ్ఎం2 అని చెప్పుట న్యాయము. దాని షట్టరు పూర్తిగా యాంత్రికము. బ్యాటరీ వెలుతురు కొలిచెడి మీటరునకు మాత్రమే కావలెను. బ్యాటరీ అడుగంటినను, అనుభవజ్ఞుడు వెలుతురును కంటితో అంచనా వేసి పని సాగించును. వానలో తడిసిన రాత్రి, కరెంటు లేని గుహలో, పై ఊరికి పదిమైళ్ల దూరమున ఈ గుణము విలువ తెలియును. రష్యానుండి వచ్చిన జెనిట్ కెమెరాలును ఇట్టివే; బరువు ఎక్కువ, వెల తక్కువ.

1986వ సంవత్సరము ఈ ప్రాంతపు ప్రకృతిశాస్త్రమునకు శుభవత్సరము. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్, స్థానికుడైన ఐతన్న సహాయముతో, కడప జిల్లా రెడ్డిపల్లె వద్ద కలివికోడి యను పక్షిని మరల కనుగొనెను. ఆ యేటనే జె. సి. డేనియల్, భూషణ్, శేఖర్ అనువారు బంగారు బల్లి తూర్పు కనుమలలో నేటికిని జీవించియున్నదని ప్రకటించిరి. అటు పిమ్మట ఈ బల్లిని చూడవలెనని, చిత్రింపవలెనని కోరి వచ్చినవారి సంచిలో రెండు వస్తువులు తప్పనిసరియైనవి: 90 మొదలు 105 మిల్లీమీటర్ల మాక్రో లెన్సు ఒకటి, కెమెరానుండి విడదీసి తీగతో పట్టుకొనదగిన ఫ్లాష్ మరియొకటి. ఫ్లాష్‌ను కెమెరా నెత్తినే యుంచి వెలిగించినచో, నీరు ఊరుచున్న బండ అద్దమువలె దానిని తిరిగి కొట్టి, చిత్రము నడుమ తెల్లని మచ్చ పడి, బల్లి మేని పసుపు పాలిపోవును. ఎడమచేతితో ఫ్లాష్‌ను పక్కకు చాచి, దాని ముఖమునకు తెల్లని గుడ్డ చుట్టి వెలిగించినపుడు ఆ బంగారు వన్నెయు, బండ గరుకుదనమును ఒక్కటిగా వచ్చును. ఈ బల్లులు బండకు అంటించి గ్రుడ్లు పెట్టును. అనేక జీవులు ఒకేచోట పెట్టుటచే అవి గుంపులుగా నుండును. మంచి కోణమునకై ఆ బండలను కదలించుట, ఒకే ప్రాణిపై మరల మరల ఫ్లాష్ వెలిగించుట గర్హ్యములు. ఎంతటి చక్కని చిత్రమైనను దీనికి పరిహారము కానేరదు.

జలపాతములకు వేరు సామగ్రి. ధారను పట్టుదారమువలె చూపగోరువాడు షట్టరును అరసెకను, ఒక సెకను తెరచియుంచవలెను. అంతసేపు చేయి నిలువదు గనుక స్టాండు, పగటి వెలుతురు అతిగా చొరబడకుండుటకు ముదురుగాజు ఫిల్టరు, తడిబండల మెరుపును అణచుటకు పోలరైజరు కావలెను. స్టాండు ఎంత బరువైన అంత స్థిరము. కాని బరువు స్టాండును కోనలోనికి మోయువాడు లేడు. అందుచే తేలికపాటి స్టాండును కొనిపోయి, దాని నడికొక్కికి రాళ్లు నింపిన సంచిని వ్రేలాడదీసి నిలుపు పద్ధతి వాడుకలోనికి వచ్చెను. నిజమునకు కొండలో రాళ్లకు కొదువ లేదు.

పక్షులు చేరు నేలపట్టు, పులికాటు నీటితావులకు పోవువాని సంచి మరియొక తీరు. గూడబాతులు నీటిలో నిలిచిన చెట్లమీద శీతకాలమున గూళ్లు కట్టును. వానిని కలత పెట్టకుండ గట్టునుండియే తీయవలెను గనుక 150–600 మిల్లీమీటర్ల జూమ్ లెన్సు, అనగా ఒక్క లెన్సే సుమారు 2 కిలోల బరువు, అవసరమగుచున్నది. పులికాటు బురదమేటలపై ఫ్లెమింగో పక్షులను తీయుటకు సూర్యోదయమైన గంటలోపల పని ముగించుకొనవలెను. తరువాత నేలనుండి లేచు ఎండమావి ఎంత వెలగల లెన్సునైనను వ్యర్థము చేయును. ఉప్పుగాలికి లెన్సు ముఖమున పొర కట్టును. దానిని పొడిగుడ్డతో రుద్దిన గీతలు పడును, ముందు బ్లోయరుతో ధూళి ఊది, తరువాతనే తుడువవలెను. కౌండిన్య అభయారణ్యమున ఏనుగులను తీయువారికిని పొడవు లెన్సే రక్షణ.

1999లో నైకాన్ డీ1, 2003లో సామాన్యునికి అందుబాటు వెలతో క్యానన్ 300డీ వెలువడినపుడు ఫిల్ము లెక్క తొలగెను, విద్యుత్తు లెక్క మొదలయ్యెను. రెండు రాత్రులు అడవిలో నుండువాడు అదనపు బ్యాటరీలను, పవర్‌బ్యాంకును మోయవలసివచ్చెను. 2008లో ఏర్పడిన చెన్నై ట్రెక్కింగ్ క్లబ్బువంటి బృందములు నాగలాపురము, తడ కొండలలోని కోనలకు వందలమందిని నడిపించినప్పటినుండి, ఆ దారులలో మడుగులను ఈదియే దాటవలసియుండుటచే, నీరు చొరని చుట్టమూత సంచి లెన్సుకన్న ముఖ్యమైన వస్తువయ్యెను. మెడకు కట్టుకొను చిన్న యాక్షన్ కెమెరాలును, ఇప్పుడు అందరి జేబులలోని ఫోనులును ఈ మార్గముననే వచ్చినవి. బూజు నివారణకు సిలికా జెల్ పొట్లములు, వాన కప్పుటకు పాలిథీన్ కాగితము, చెమట తుడుచుకొనుటకు వేరుగాను లెన్సు తుడుచుటకు వేరుగాను రెండు గుడ్డలు: ఇవి చవకవస్తువులు, కాని వీనిని మరచినవాని వెలగల కెమెరా నిరుపయోగము.

మనిషి మోయక అడవిలోనే విడిచివచ్చు కెమెరాలు వేరొక శాఖ. కలివికోడి జాడకై మట్టిపై అడుగుముద్రల పట్టీలతోపాటు స్వయంచాలక కెమెరాలను నియోగించిన పరిశోధనను పి. జగన్నాథన్, సహచరులు 2002లో ప్రకటించిరి. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేండ్ల బాలిక చిరుతవాత పడిన పిమ్మట, ఆ మార్గము పొడవున అటవీశాఖవారు ఇట్టి కెమెరాలను అమర్చి చిరుతల సంచారమును గమనించిరి. ఛాంపియన్ తీగ చేసిన పనిని నేడు ఉష్ణమును, కదలికను పసిగట్టు కన్ను చేయుచున్నది.

శ్రీవేంకటేశ్వర జాతీయోద్యానము 1989లోను, శేషాచల జీవావరణ పరిరక్షణ కేంద్రము 2010లోను ఏర్పడినవి. జాతీయోద్యానములో గాని అభయారణ్యములో గాని ఛాయాగ్రహణమునకై ప్రవేశింపగోరువాడు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము 28వ విభాగము ననుసరించి ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి అనుమతి పొందవలెను. ఎర్రచందనపు దొంగల బెడదచే కొండలో రాత్రి టార్చి వెలుతురు కనబడినంతనే కాపలాదారులు చుట్టుముట్టుదురు. డ్రోనును తిరుమల గగనమున ఎగురవేయుట నిషిద్ధము. కావున అనుమతిపత్రము, దాని నకలు, గుర్తింపు కార్డు పాలిథీన్ కవరులో సంచి పైఅరయందు, తీయుటకు అనువుగా ఉంచుకొనుట ఇక్కడి ఛాయాగ్రాహకులలో స్థిరపడిన ఆచారము.