ఖాళీ సీటు ఎవరి పద్దు? తెలుగు ప్రాంతాల చిన్న విమానాశ్రయాలకు సర్వీసుల రాక: ఒక చారిత్రక పరిశీలన

2018 డిసెంబరు 4న గన్నవరం నుంచి సింగపూర్‌కు ఇండిగో సంస్థ విమానం బయలుదేరింది. వారానికి రెండు రోజుల సర్వీసు. విజయవాడ విమానాశ్రయానికి అంతర్జాతీయ హోదా 2017లోనే లభించినా, ఆ హోదాకు తగిన తొలి సర్వీసు ఇదే. 2019 జూన్ ముగిసేసరికి అది ఆగిపోయింది. ఆ ఏడు నెలల్లో రన్‌వే పొడవు తగ్గలేదు, కస్టమ్స్ కౌంటర్లు మూతపడలేదు, సింగపూర్ దూరం పెరగలేదు. మారింది ఒక్కటే. అనుకున్న ఆదాయం రాకపోతే ఆ లోటును రాష్ట్ర ప్రభుత్వం భరించే ఏర్పాటు కొనసాగలేదు.

ప్రాంతీయ విమానాశ్రయాల చరిత్రను మనం సాధారణంగా శంకుస్థాపనలు, టెర్మినల్ ప్రారంభోత్సవాల వరుసగా రాసుకుంటున్నాం. ఆ పద్ధతిలో చూస్తే గన్నవరం సర్వీసు ఒక చిన్న అపశ్రుతిగా మిగిలిపోతుంది. ఖాళీగా ఎగిరే సీటు నష్టాన్ని ఏ కాలంలో ఎవరు మోశారు అన్న ప్రశ్నతో చూస్తే మాత్రం అదే సర్వీసు ఎనభై ఐదేళ్ల చరిత్రకు కేంద్రంగా కనిపిస్తుంది. ఈ వ్యాసం ఆ ప్రశ్నను అనుసరిస్తుంది. సరుకు రవాణా విషయంలో అదే ప్రశ్న ఎందుకు అడగలేదో కూడా పరిశీలిస్తుంది.

తపాలా సంచి నుంచి ప్రయాణికుడి దాకా

భారతదేశంలో క్రమబద్ధమైన విమాన సర్వీసు మనుషులతో మొదలు కాలేదు. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి అహ్మదాబాదు మీదుగా బొంబాయికి చేర్చినవి ఉత్తరాలు. అక్కడి నుంచి నెవిల్ విన్సెంట్ వాటిని బళ్లారి మీదుగా మద్రాసుకు తీసుకువెళ్లాడు. ఆనాటి బళ్లారి మద్రాసు రాజధానిలోని దత్తమండల జిల్లా; తెలుగువారు గణనీయంగా ఉన్న ఊరు. ఈ సర్వీసుకు బ్రిటిషు ప్రభుత్వం సబ్సిడీ ఇవ్వలేదు. మోసిన తపాలా బరువును బట్టి మాత్రమే సొమ్ము చెల్లించింది. అంటే తొలి ఒప్పందంలో ప్రభుత్వం దాత కాదు, ఖాతాదారు. రోజూ కొంత సరుకు అప్పగించే నమ్మకమైన ఖాతాదారు ఉంటే విమానం వస్తుందన్న సూత్రం అక్కడ ఉంది. తరువాతి కాలంలో మన విధానకర్తలు మరిచిపోయింది దీన్నే అని నా అభిప్రాయం.

హైదరాబాదు సంస్థానంలో మార్గం వేరు. 1945లో ఏర్పడిన డెక్కన్ ఎయిర్‌వేస్‌లో నిజాం స్టేట్ రైల్వే, టాటా సంస్థ భాగస్వాములు. 1932 నుంచి ఆ రైల్వే బస్సులు కూడా నడుపుతోంది. కాబట్టి రైలు, బస్సు, విమానం ఒకే యాజమాన్యపు నీడలోకి వచ్చాయి. యుద్ధానంతరం చౌకగా దొరికిన డకోటా విమానాలతో బేగంపేట కేంద్రంగా ఆ సంస్థ పని చేసింది. ఇక్కడ ప్రభుత్వం లోటు పూరిస్తానని హామీ ఇవ్వనక్కరలేదు. తానే వాటాదారు గనుక లోటు నేరుగా దాని పద్దులోకే వస్తుంది. 1949లో నాగపూర్ కేంద్రంగా రాత్రి తపాలా విమానాలు మొదలు కావడం, అదే ఏడాది మామూలు ఉత్తరాలను కూడా అదనపు రుసుము లేకుండా విమానంలో పంపే పద్ధతి రావడం ఆనాటి విమాన సంస్థలకు కొంత స్థిరమైన బరువును సమకూర్చాయి.

1953 ఆగస్టు 1న జాతీయీకరణతో డెక్కన్ ఎయిర్‌వేస్ సహా ఎనిమిది సంస్థలు ఇండియన్ ఎయిర్‌లైన్స్ కార్పొరేషన్‌లో కలిశాయి. అప్పటి నుంచి నాలుగు దశాబ్దాలు ఖాళీ సీటు లెక్క బయటికి కనిపించలేదు. పెద్ద మార్గాల లాభం చిన్న మార్గాల నష్టాన్ని లోలోపలే పూడ్చేది. 1981లో ఏర్పడిన వాయుదూత్ రాజమండ్రి వంటి పట్టణాలకు చిన్న విమానాలు నడిపి, ఆ నష్టాన్ని మోయలేక 1993లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో విలీనమైంది. దాన్ని కేవలం నిర్వహణ లోపంగా కొట్టిపారేయడం సులభం. పూడ్చిపెట్టడానికి లాభసాటి మార్గాలు లేని సంస్థకు నష్టపు మార్గాలను మాత్రమే అప్పగిస్తే ఏమవుతుందో చెప్పే ఉదాహరణగా చూడటం సముచితం.

1994లో ప్రైవేటు సంస్థలకు తలుపులు తెరిచినప్పుడు ప్రభుత్వం ఈ అంతర్గత పూడికను నిబంధనగా మార్చింది. ఢిల్లీ–హైదరాబాదు, ముంబయి–హైదరాబాదు సహా పన్నెండు ప్రధాన మార్గాలు మొదటి తరగతి. ఈశాన్యం, జమ్మూ కాశ్మీర్, అండమాన్ వంటి ప్రాంతాల మార్గాలు రెండో తరగతి. మిగిలినవన్నీ మూడో తరగతి. ప్రధాన మార్గాల్లో నడిపే సామర్థ్యంలో సగానికి సమానమైనంత మూడో తరగతిలో నడపాలి. చూడటానికి ఉదారమైన నియమమే. కానీ ఆ ‘మిగిలినవన్నీ’ అన్న మాటలో విశాఖపట్నమూ ఉంది, రాజమండ్రీ ఉంది. సంస్థలు రద్దీ ఉన్న మార్గాలతోనే లెక్క సరిపెట్టుకోగలవు. చిన్న ఊరికి ఆ నియమం ఇచ్చిన రక్షణ స్వల్పం. విజయవాడకు హైదరాబాదు నుంచి మళ్లీ సర్వీసు వచ్చింది 2003లో, ఎయిర్ డెక్కన్ ఏటీఆర్ విమానంతో. దాన్ని రప్పించింది నియమం కాదు. చౌక టికెట్టుతో కొత్త ప్రయాణికుడిని సృష్టించవచ్చన్న ఒక వ్యాపార పందెం.

దీనికి పూర్తి విరుద్ధమైన హామీ కూడా మన చరిత్రలో ఉంది. శంషాబాదు విమానాశ్రయ ఒప్పందంలో 150 కిలోమీటర్ల పరిధిలో పాతికేళ్లపాటు మరో పౌర విమానాశ్రయం రాకూడదన్న నిబంధన పెట్టారు. ఒక పెద్ద విమానాశ్రయపు ఖాళీకి ఇచ్చిన ఆ భరోసా మూల్యాన్ని నిజాం కాలపు రన్‌వే ఉన్న వరంగల్ మామునూరు చెల్లించింది.

హామీల యుగం

రాష్ట్ర విభజన తరువాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తొలుత ఎంచుకున్న సాధనం ఇంధన పన్ను. విమాన ఇంధనంపై 16 శాతంగా ఉన్న వ్యాట్‌ను 2015లో 1 శాతానికి తగ్గించింది. విమాన సంస్థ ఖర్చులో ఇంధనానిదే అతిపెద్ద వాటా. దీని పనితీరును కొంచెం వివరించాలి. పొరుగు నగరంలో పన్ను ఎక్కువ, గన్నవరంలో తక్కువ అయినప్పుడు విమానం గన్నవరంలో ట్యాంకు నింపుకొని వెళుతుంది. సీట్లు కొన్ని ఖాళీగా ఉన్నా ఇంధనంలో మిగిలిన డబ్బు ఆ ఖాళీని భర్తీ చేస్తుంది. ప్రభుత్వం ఎవరికీ చెక్కు రాయలేదు. అయినా ఖాళీ సీటు భారంలో కొంత తాను తీసుకుంది. సంస్థలు వచ్చాయి, 2018–19లో గన్నవరం ప్రయాణికుల సంఖ్య పది లక్షలు దాటింది. అయితే రాయితీ ఒక్కటే సంస్థను నిలబెట్టదు. విజయవాడ పెట్టుబడితో 2013 అక్టోబరులో మొదలైన ఎయిర్ కోస్టా, ఎంబ్రేయర్ జెట్లను అద్దెకు తెచ్చి నడిపింది. ఆర్థిక ఇబ్బందులతో 2017 ఫిబ్రవరి చివర ఆగిపోయింది. మన ఊరి సంస్థ అన్న అభిమానం అద్దె బకాయిని తీర్చలేదు.

2016 అక్టోబరులో వెలువడిన ఉడాన్ పథకం హామీని బాహాటం చేసింది. విమానంలో సుమారు సగం సీట్లకు టికెట్టు ధరపై పరిమితి. గంట ప్రయాణానికి దాదాపు రూ. 2,500. ఆ సీట్లపై వచ్చే లోటుకు మూడేళ్లపాటు వయబిలిటీ గ్యాప్ ఫండింగ్. అందులో సాధారణంగా రాష్ట్రం వాటా 20 శాతం. ఆ మూడేళ్లూ ఆ మార్గంపై ఏకైక హక్కు. నిధి కోసం ప్రధాన మార్గాల విమానాలపై సుంకం. అంటే 1953 నాటి అంతర్గత పూడికే, ఈసారి బహిరంగ పద్దుగా తిరిగి వచ్చింది. 2017 ఏప్రిల్ 27న ప్రధాని సిమ్లాలో ప్రారంభించిన తొలి మార్గాల్లో కడప–హైదరాబాదు ఒకటి. దాన్ని నడిపిన ట్రూజెట్ 2022లో సర్వీసులు నిలిపివేసింది. ఆ ఏడాదే కడపకు ఇండిగో వచ్చింది, మళ్లీ రాష్ట్ర ప్రభుత్వ లోటు భర్తీ ఒప్పందంతోనే.

ఈ పథకంపై కాగ్ 2023లో ఇచ్చిన నివేదికలోని అంకెలు ప్రతి పరిశోధకుడూ గుర్తుంచుకోదగినవి. మూడో విడత వరకు కేటాయించిన 774 మార్గాల్లో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్లు పూర్తి చేసినవి 112. వాటిలో 2023 మార్చి నాటికి గడువు దాటి నిలిచినవి 54. అంటే కేటాయించిన వాటిలో 7 శాతం. మూడేళ్లలో ప్రయాణికుల అలవాటు స్థిరపడుతుంది, ఆపై హామీ అక్కరలేదు అన్నది పథకం ఊహ. ఈ అంకెల ముందు ఆ ఊహ నిలవదు. అయినా 54 మార్గాలు నిలిచాయి కదా అని వాదించేవారు ఉన్నారు. ఆ వాదనను తోసిపుచ్చను. రోడ్డును కూడా మనం లాభం కోసం వేయం. కానీ రోడ్డుకు మూడేళ్ల గడువు పెట్టం. గన్నవరం–సింగపూర్ సర్వీసుకు ఆ మూడేళ్లు కూడా దక్కలేదు. ఎన్నికల ఫలితాలు దాటి బతికే చట్టబద్ధత ఆ హామీకి లేదు. ఒక ప్రభుత్వ నిర్ణయంగా వచ్చి, మరో ప్రభుత్వ నిర్ణయంతో పోయింది.

లెక్కకు రాని కిలోలు

ఇంతవరకు చెప్పిన హామీలన్నీ సీట్లకే. సరుకు బరువుకు ఇలాంటి హామీ మన విధానంలో కనిపించదు. 2020లో ప్రకటించి 2021లో విస్తరించిన కృషి ఉడాన్ కూడా ఎంపిక చేసిన విమానాశ్రయాల్లో సరుకు విమానాలకు ల్యాండింగ్, పార్కింగ్ వంటి రుసుములను మినహాయించింది తప్ప, ఖాళీగా తిరిగి వెళ్లే విమానపు లోటును తీసుకోలేదు. సరుకు విమానానికి అసలు సమస్య తిరుగు ప్రయాణమే. ప్రయాణికుడు వెళ్లి వస్తాడు. చేప వెళ్లి రాదు.

చిన్న విమానాశ్రయాల సరుకులో ఎక్కువ భాగం ప్రయాణికుల విమానం అడుగు అరలోనే వెళుతుంది. ఏటీఆర్‌లో ఆ అర ఇరుకు. ఎండాకాలపు మధ్యాహ్నం మోయగలిగే బరువు తగ్గితే ముందు దిగేది సరుకే, సామాను కాదు. కాబట్టి సీట్ల కోసం చిన్న విమానాన్ని ఎంచుకున్న ప్రతి పథకమూ తెలియకుండానే సరుకును వదులుకుంది.

ఆంధ్ర తీరపు రొయ్య ఈ విషయాన్ని స్పష్టం చేస్తుంది. ఎగుమతి రొయ్య గడ్డకట్టించి కంటైనర్లలో ఓడ ఎక్కుతుంది. దానికి విమానం అక్కరలేదు. విమానం కావలసింది తల్లి రొయ్యకు. 2009లో వనామి సాగుకు అనుమతి వచ్చిన తరువాత విదేశాల నుంచి ప్రాణంతో వచ్చే తల్లి రొయ్యలు చెన్నైలో దిగి, నీలాంకరైలోని జల క్వారంటైన్ కేంద్రంలో ఉండి, ఆ తరువాతే రోడ్డు మార్గంలో మన హేచరీలకు చేరాయి. దేశంలో రొయ్యల సాగుకు కేంద్రం ఆంధ్ర తీరమైనా, దాని అత్యంత విలువైన విమాన సరుకు మరో రాష్ట్రపు రన్‌వేపై దిగింది. కారణం ఇంధన పన్నూ కాదు, ల్యాండింగ్ రుసుమూ కాదు. తొట్లు, పరీక్షశాల, సంతకం పెట్టే అధికారి అక్కడ ఉన్నారు.