పదో తరగతి తర్వాత పనిచోట శిక్షణ: షోలాపూర్ కుటుంబాలకు కొన్ని వివరాలు

మార్చిలో పదో తరగతి పరీక్షలు అయిపోతాయి. ఫలితాలు వచ్చి కాలేజీలు తెరిచేదాకా పిల్లలు ఖాళీ. ఆ రోజుల్లో మా సంఘం కార్యాలయానికి వచ్చేవాళ్లందరిదీ దాదాపు ఒకటే మాట: "సార్, మా పిలగాన్ని ఎక్కడన్నా పనికి పెట్టిస్తరా?" పనికి పెట్టడం వేరు, పని చూపించడం వేరు. ఈ తేడా తెలియకనే చాలామంది పిల్లలు వేసవిలో మగ్గం దగ్గరకు వెళ్లి, జూన్‌లో మళ్లీ చదువుకు రాలేదు.

2020 జాతీయ విద్యావిధానం 6 నుంచి 8 తరగతుల మధ్య పది రోజుల పాటు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి, కుమ్మరి, తోటమాలి వంటి స్థానిక పనివాళ్ల దగ్గర పిల్లలు గడపాలని చెప్పింది. 6 నుంచి 12 దాకా సెలవుల్లోనూ ఇలాంటి అవకాశం ఇవ్వవచ్చని కూడా అంది. కాబట్టి ముందు బడి హెడ్మాస్టరునే అడగండి. ఇది మొహమాటపడే విషయం కాదు.

ఇంటర్న్‌షిప్‌నూ అప్రెంటిస్‌షిప్‌నూ కలిపేయకండి. అప్రెంటిస్‌షిప్ 1961 చట్టం కిందికి వస్తుంది. దానికి ఒప్పందం రాయాలి, రిజిస్టర్ చేయించాలి, స్టైపెండ్ ఇవ్వాలి. 14 ఏళ్లు నిండాలి, ప్రమాదకర పరిశ్రమలైతే 18. మేము చెబుతున్నది రెండు మూడు వారాల పరిచయం మాత్రమే.

దీనికీ హద్దులున్నాయి. బాల, కౌమార కార్మిక చట్టం 14 ఏళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోవద్దంటుంది. సొంత ఇంటి వ్యాపారంలో బడి వేళలు కాకుండా చేసే సాయానికి కొంత మినహాయింపు ఉంది. 14 నుంచి 18 మధ్య వారికి ప్రమాదకరమైన పని నిషేధం. మిగతా పనుల్లోనూ మూడు గంటలకు మించి ఏకబిగిన పని ఉండకూడదు, గంట విరామం ఇవ్వాలి, విరామంతో కలిపి మొత్తం ఆరు గంటలు దాటకూడదు. రాత్రి 7 నుంచి ఉదయం 8 దాకా పని లేదు, ఓవర్‌టైం లేదు, వారానికో సెలవు తప్పదు. నేర్చుకోవడానికి వెళ్లే పిల్లలకూ మేము ఇవే లెక్కలు పాటిస్తాం. పవర్‌లూమ్ నడుస్తుండగా పిల్లలు దాని మీద చెయ్యి వెయ్యకూడదు. దీనికి ఒప్పుకోని కార్ఖానాకు పంపం.

మరి ఏం నేర్చుకుంటారు? టవళ్లు, చద్దర్ల కార్ఖానాలో నూలు నంబరు పెరిగితే దారం సన్నబడుతుందని, ఒక ఆర్డరుకు ఎన్ని కిలోలు పడుతుందో లెక్క కట్టడం ఎలాగో తెలుస్తుంది. యూనిఫాంలు కుట్టే యూనిట్‌లో గుడ్డ వృథా కాకుండా కటింగ్ మాస్టర్ ముక్కలు ఎలా పరుస్తాడో చూస్తారు. స్టాక్ రిజిస్టరు, జీఎస్టీ బిల్లు, బాకీల చిట్టా అన్నిచోట్లా ఉంటాయి. యజమాని మనవాడైతే మరో లాభం: బడిలో మరాఠీ, ఇంగ్లీషు తప్ప వినని పిల్లలు పడుగు, పేక, కండె అన్న మాటలు తాత నోటి తర్వాత అక్కడే వింటారు.

మా తప్పు ఒకటి చెప్పాలి. మొదట్లో నోటిమాట మీదే పంపేవాళ్లం. ఒక దుకాణానికి వెళ్లిన అబ్బాయి పదిహేను రోజులూ టీ మోసి, నేల ఊడ్చి వచ్చాడు. యజమానిని అడిగితే "మీరేం నేర్పమన్నారో చెప్పలేదు కదా" అన్నాడు. నిజమే, చెప్పలేదు. జీవితమంతా కాగితాలు రాసినవాళ్లం, అక్కడ మాత్రం రాయలేదు. ఇప్పుడు ఒక పేజీ ఉత్తరం తప్పనిసరి: వేళలు, నేర్పే పనులు నాలుగైదు, నేర్పే మనిషి పేరు, దెబ్బ తగిలితే ఎవరికి ఫోన్ చేయాలి, రానుపోను ఖర్చు ఎవరిది. ఒక ప్రతి బడికి, ఒకటి ఇంటికి, ఒకటి యజమానికి.

ఆడపిల్లలను ఇద్దరిద్దరిగా, మహిళా సూపర్‌వైజర్ ఉన్నచోటికే పంపుతాం. అలా వెళ్లిన ఒక అమ్మాయి తండ్రి మగ్గం కార్మికుడు, కూతురు కుట్టుపని నేర్చుకుంటే చాలనుకున్నాడు. ఆమె లెక్కల బల్ల దగ్గర కూర్చుని వచ్చి పదకొండులో కామర్స్ తీసుకుంది. ఫీజు సంగతి ఇంట్లో ఇంకా నలుగుతూనే ఉంది.

వేసవికి కావాలంటే ఫిబ్రవరిలోనే బడితోనూ యజమానితోనూ మాట్లాడుకోండి. ఏప్రిల్‌లో వస్తే మిగిలేవి టీ మోసే చోట్లే. దరఖాస్తు మీద తల్లిదండ్రులిద్దరి సంతకాలూ అడుగుతాం. తండ్రికి తెలియని ఇబ్బందులు చాలాసార్లు తల్లికే ముందు తెలుస్తాయి.