అతిపరిచయము – అవజ్ఞ

అతిపరిచయము అవజ్ఞకు హేతువని పెద్దలందురు. దైవవిషయమునను ఇది సత్యమేయని తొలినాటి క్రైస్తవ చరిత్రము చూపుచున్నది. గ్రీసుదేశమందలి కొరింథు పట్టణమున విశ్వాసులు ప్రభువు మరణమును స్మరించుటకై యొక్కచోట గూడి భుజించెడివారు. క్రమముగా నది వారికి మామూలు విందయ్యెను. కలవారు ముందుగా భుజించి మత్తిల్లుచుండ, లేనివారు పస్తుండిరి. క్రీ. శ. 55 ప్రాంతమున పౌలు ఎఫెసునుండి లేఖ వ్రాసి వారిని మందలించెను. భోజనమును మాన్పింపక, ఎవరిని వారు పరీక్షించుకొనవలెననియు, ఒకరికొరకొకరు వేచియుండవలెననియు విధించెను. సుమారు నూరేండ్లకు, 155 ప్రాంతమున, రోమునందు జస్టిను వర్ణించిన ఆరాధనమున రొట్టెయు ద్రాక్షారసమును రాలేనివారి యిండ్లకు సయితము పంపబడుచుండెను. కానుకలు అనాథలకును విధవలకును చేరుచుండెను. దేవుని సన్నిధిని అణకువ తప్పినచోట మొదట నవమానమొందువాడు బీదవాడే.