పందొమ్మిదో తేదీ పొద్దున

మా తాడేపల్లి ఇంట్లో వంటగది తలుపు పక్కన వేలాడే కేలండర్ మీద పెత్తనమంతా అమ్మదే. పాలు రాని రోజుకు సున్నా, గ్యాస్ బండ మార్చిన రోజుకు అడ్డగీత. తిథి, వర్జ్యం, రాహుకాలం ఎటూ అచ్చులోనే ఉంటాయి. ఆగస్టు నెల కాగితం తిప్పిన ప్రతి ఏడూ నేను 18వ తేదీ గడి దగ్గర కాసేపు నిలబడతాను. మా ఊరికి దాదాపు ముప్ఫై కిలోమీటర్ల దూరంలో ఉన్న గుంటూరులో ఆ తేదీన జరిగిన సంగతి ఏ కేలండర్లోనూ ఉండదు.

అది 1868. విభవ నామ సంవత్సరం, శ్రావణ బహుళ అమావాస్య, మంగళవారం. అంటే పోలాల అమావాస్య. ఆ పొద్దున సంపూర్ణ సూర్యగ్రహణం పట్టిందని చెబితే అమ్మకు మొదట వచ్చిన సందేహం వేరే. "గ్రహణం పూటా? మరి కంద మొక్కకు పూజ ఎప్పుడు చేసుకున్నార్రా పాపం?" విడుపు స్నానాలయ్యాక చేసుకుని ఉంటారులే అన్నాను. ఆమె తృప్తి పడింది. నా మనసు మాత్రం ఆ పూట స్నానానికి కాకుండా సూర్యుడి కోసం గుంటూరులో కాచుకుని ఉన్న ఒక పరదేశి మీదే ఉంది.

ఆయన పేరు పియర్ జూల్ జాన్సెన్. 1824లో పారిస్‌లో పుట్టాడు. చిన్నతనంలో జరిగిన ప్రమాదం వల్ల జీవితాంతం కుంటుతూనే నడిచాడు. ఇంటి పరిస్థితి బాగాలేక చిన్న వయసులోనే బ్యాంకులో పనికి కుదిరాడు. చదువు ఆ తరువాత, తన కష్టం మీద సాగింది. అలాంటి మనిషి గ్రహణాల వెంట ఖండాలు దాటి తిరిగాడంటే, ఆ పట్టుదలను కాసేపు తలుచుకోవాలనిపిస్తుంది.

ఆయన్ని ఇంత దూరం లాక్కొచ్చిన చిక్కుముడి ఇది. సంపూర్ణ గ్రహణం వేళ నల్లటి చంద్రబింబం అంచున ఎర్రటి మంటల్లాంటివి కనిపిస్తాయి. అవి చంద్రుడివా, సూర్యుడివా అని చాలాకాలం వాదులాడుకున్నారు. 1860లో స్పెయిన్‌లో తీసిన గ్రహణం ఫోటోలతో అవి సూర్యుడివేనని తేలింది. మరి అవి దేనితో తయారయ్యాయి? సూర్యుడి దాకా వెళ్లి గుప్పెడు తెచ్చేవాళ్లెవరు? నక్షత్రాలు దేనితో చేసినవో మనిషి ఎన్నటికీ తెలుసుకోలేడని ఫ్రెంచి తత్వవేత్త ఓగస్ట్ కోంట్ 1835లోనే తేల్చేశాడు.

ఆ మాటకు పాతికేళ్ల ఆయుష్షే దక్కింది. జర్మనీలో కిర్కాఫ్, బున్సెన్ అనే ఇద్దరు, కాలే ప్రతి పదార్థమూ తన వెలుగులో తనవే అయిన రంగు గీతలు వదులుతుందని చూపించారు. వెలుగును గాజు పట్టకంతో ఇంద్రధనుస్సులా పరిచి ఆ గీతలు చదివే పరికరమే వర్ణపటదర్శిని. అది చేతికొచ్చాక దీర్ఘమైన సంపూర్ణ గ్రహణం కోసం అందరూ ఎదురుచూశారు. అది 1868లో వచ్చింది. దాని నీడ ఏడెన్ నుంచి మన దేశం మీదుగా సయాం వైపు సాగింది.

నీడ దారి పొడుగునా పరిశీలకులు కాపు వేశారు. మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి పోగ్సన్ మచిలీపట్నంలో దిగాడు. అదే అబ్జర్వేటరీలో సహాయకుడు చింతామణి రఘునాథాచారి నిజాం రాజ్యంలోని వనపర్తికి వెళ్లాడు. పంచాంగాల లెక్కలను ఆకాశంలో కంటితో చూసినదానితో సరిపోల్చి దిద్దాలని పాటుపడ్డ మనిషి ఆయన. గుంటూరులో రెండు బృందాలు దిగాయి. ఒకటి బ్రిటిష్ సైనికాధికారి టెనెంట్‌ది, రెండోది ఒక ఫ్రెంచి వర్తకుడి మేడ మీద పరికరాలు అమర్చుకున్న జాన్సెన్‌ది.

ఆగస్టు అంటే మనకు వానల నెల. కృష్ణ నిండుగా పారే రోజులు, మబ్బు ఎటు నుంచి కమ్ముతుందో చెప్పలేని రోజులు. ఏళ్ల తయారీ, నెలల ప్రయాణం, అంతా ఒక్క మబ్బు తునక దయ మీద ఆధారపడి ఉంది. ఉదయం తొమ్మిది ప్రాంతంలో సూర్యుడు పూర్తిగా మూసుకుపోయాడు. ఆకాశం కనికరించింది. చేతిలో ఉన్నది ఐదారు నిమిషాలే.

జాన్సెన్ పరికరంలో కన్ను పెట్టాడు. ఎర్రమంటల వెలుగు ఇంద్రధనుస్సులా పరుచుకోలేదు. విడివిడిగా కొన్ని గీతలు మాత్రమే, అవీ కళ్లు చెదిరే కాంతితో కనిపించాయి. అంటే ఆ మంటలు వేడికి వెలిగే వాయువులు. అందులో ముఖ్యమైనది హైడ్రోజన్. చిక్కుముడి విడిపోయింది. ఇంకొకరైతే అక్కడితో పెట్టె సర్దేవారు. జాన్సెన్‌ను మాత్రం ఆ గీతల ధగధగ పట్టుకుంది. ఇంత వెలుగున్న గీతలు గ్రహణం లేనప్పుడు మాత్రం ఎందుకు కనబడవు?

ఈ ఆలోచన మన పత్తి నేలలో పుట్టినది కనుక పత్తితోనే చెబుతాను. దూదిని ఏకుతూ పోతే పలచబడుతుంది. అందులో చిక్కుకున్న గింజ మాత్రం గింజగానే ఉంటుంది. పట్టపగలు సూర్యుడి చుట్టూ ఆకాశంలో పరుచుకునే తెల్లని వెలుగు అన్ని రంగులూ కలిసిన దూది లాంటిది. పరికరంతో ఎంత సాగదీస్తే అంత పలచబడి మసకేస్తుంది. మంటల వెలుగు నాలుగు గీతల్లోనే గింజకట్టి ఉంటుంది కాబట్టి అది తగ్గదు. దూది పలచనయ్యాక గింజ దానంతటదే కంటపడుతుంది.

వెంటనే పరీక్షించి చూద్దామంటే గ్రహణం విడిచాక మబ్బులు కమ్మేశాయి. ఆ రాత్రి ఆయన ఎలా గడిపాడోనని నాకు తరచూ అనిపిస్తుంది. మర్నాడు, అంటే 19వ తేదీ పొద్దున, సూర్యుడి అంచుకు పరికరం గురిపెట్టాడు. గ్రహణం లేదు, చంద్రుడు అడ్డం లేడు. అయినా గీతలు మెరుస్తూ కనిపించాయి. ఆనాటి నుంచి పదిహేడు రోజులు గుంటూరులోనే ఉండి, రోజూ సూర్యుడి మంటలు ఎగసి పడటం గమనించాడు. శతాబ్దాలుగా గ్రహణం అనుమతిస్తేనే, అదీ నిమిషాల లెక్కన కనబడినవి, ఇప్పుడు తలుచుకున్న పూట కనిపించసాగాయి.

సెప్టెంబరు 19న కాకినాడ నుంచి పారిస్ సైన్స్ అకాడమీకి ఉత్తరం రాశాడు. అది ఓడల మీద వెళుతుండగా ఇంగ్లండులో మరో కథ నడిచింది. యుద్ధ మంత్రిత్వ శాఖలో గుమాస్తా నార్మన్ లాక్యర్‌కు ఇదే ఆలోచన రెండేళ్ల క్రితమే వచ్చింది. ఉన్న పరికరం చాలక, కొత్తది చేయించడంలో ఆలస్యం మీద ఆలస్యమై చివరికి అక్టోబరులో చేతికందింది. 20వ తేదీన ఆయనా గ్రహణం లేకుండానే ఆ గీతలు చూశాడు. జాన్సెన్ సంగతి ఆయనకు తెలియదు. ఇద్దరి కబురూ అకాడమీకి అందినది ఒకే రోజు, అక్టోబరు 26న. ఎవరు ముందన్న తగవు పెట్టకుండా, 1872లో ఫ్రెంచి ప్రభుత్వం ఇద్దరి ముఖాలూ పక్కపక్కన చెక్కిన పతకం వేయించింది. ఆ పతకం తలపుకొచ్చినప్పుడల్లా నాకు ఆ ఇద్దరి మీదా గౌరవం పెరుగుతుంది.

హీలియం గుంటూరులో దొరికిందని క్విజ్ పుస్తకాల్లో ఒక్క ముక్కలో రాస్తారు. ఆ మాట సగమే నిజం. ఆ గ్రహణంలో చాలామంది ఒక పసుపు గీత చూశారు, ఎక్కువమంది అది సోడియందే అనుకున్నారు. సోడియం గీతల చోటుకు అది కాస్త పక్కగా ఉందని లాక్యర్ తరువాత నిదానంగా కొలిచి తేల్చాడు. భూమ్మీద తెలిసిన ఏ పదార్థానికీ ఆ గీత సరిపోలేదు. గ్రీకులో సూర్యుడు హీలియోస్ కాబట్టి దానికి హీలియం అని పేరు పెట్టాడు. చివరి 'ఇయం' లోహమై ఉంటుందన్న ఊహతో తగిలించిన తోక, ఈనాటికీ అలాగే ఉండిపోయింది. సూర్యుడిలో తప్ప ఎక్కడా లేని పదార్థమేమిటని చాలామంది నమ్మలేదు. 1895లో లండన్‌లో విలియం రామ్సే మరో వాయువు ఆర్గాన్ కోసం యురేనియం ఉన్న ఒక ఖనిజాన్ని ఆమ్లంలో వేశాడు. వచ్చిన వాయువులో అదే పసుపు గీత మెరిసింది. గ్రహణం నాటి నుంచి అప్పటికి ఇరవై ఏడేళ్లు.

జాన్సెన్ మాత్రం గ్రహణాలను వదల్లేదు. 1870 డిసెంబరులో ప్రష్యన్ సేనలు పారిస్‌ను ముట్టడించి ఉండగా, అల్జీరియాలో పట్టబోయే గ్రహణం కోసం బెలూన్ ఎక్కి శత్రువుల తలల మీదుగా బయటపడ్డాడు. అంత చేసి వెళితే అక్కడ మబ్బు పట్టి ఏమీ కనిపించలేదు. గుంటూరు ఆకాశం ఎంత దయ చూపిందో ఆ రోజు ఆయనకు గుర్తొచ్చే ఉంటుంది.

ఈసారి కేలండర్ ముందు నిలబడి, 18వ తేదీ గడిని వదిలేసి పక్క గడిలో పెన్సిలుతో 'గుంటూరు, 1868' అని రాశాను. 18న ఆకాశం ఇచ్చింది, 19న మనిషి తన ఆలోచనతో సంపాదించుకున్నాడు. సాయంత్రం అమ్మ చూసి, "ఇదేంట్రా, ఆ రోజు పాలు వచ్చాయా రాలేదా?" అని అడిగింది. వచ్చాయన్నాను.